పెరట్లో రెండడుగులు తవ్వితే నల్లటి మట్టి.. ఇల్లు అమ్మేయాలా?

ప్రశ్న: మేడమ్, పటాన్‌చెరు దగ్గర 2017లో 200 గజాల ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నాం. మా అత్తమ్మ పెరట్లో గోంగూర, పాలకూర, వంకాయలు వేస్తుంది. పోయిన నెల మునగ మొక్క పెడదామని రెండడుగులు తవ్వితే నల్లగా, జిడ్డుగా ఉన్న మట్టి వచ్చింది, ఏదో మందు వాసన కూడా. మా గల్లీలో నాలుగేళ్లలో ముగ్గురికి క్యాన్సర్ బయటపడింది: ఒకామెకు రొమ్ములో, ఒకాయనకు నోట్లో, ఇంకొకాయనకు పెద్దపేగులో. మా పాపకు మూడేళ్లు, పొద్దంతా ఆ మట్టిలోనే ఆడుతుంది. భూసార పరీక్ష చేయిస్తే అంతా బాగానే ఉందని వచ్చింది. తాగడానికి డబ్బా నీళ్లు, వంటకు బోరు నీళ్లు వాడతాం. మా మరిది ఇల్లు అమ్మేయమంటున్నాడు, అత్తమ్మేమో భూమితల్లిలో విషమేంటే అంటుంది. నాకైతే నిద్ర పట్టట్లేదు. ఏం చేయాలి?

జవాబు:

అమ్మా, ముందు ఆ గుంత సంగతి. పూడ్చకండి, అలాగని తెరిచి కూడా వదిలేయకండి. దాని మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా కప్పి అంచుల మీద ఇటుకలు పెట్టండి. తవ్వి బయట పోసిన మట్టినీ అలాగే కప్పేయండి. ఎంత లోతులో రంగు మారిందో టేపు పెట్టి కొలిచి ఫొటో తీసుకోండి, ఆ వివరం తర్వాత పనికొస్తుంది. ఆ మట్టిని తట్టల్లో ఎత్తి గల్లీ చివర మోరీ పక్కన పోస్తే అక్కడాడే పిల్లల నోట్లోకి పోతుంది, ఆ పని మాత్రం చేయొద్దు. పాప ఇవాళ్టి నుంచి ఆ మూలకు వెళ్లకూడదు. అమ్మడం, అమ్మకపోవడం తర్వాత మాట్లాడుకుందాం.

భూసార పరీక్షలో బాగా వచ్చిందన్నారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఉసూరుమంటుంది. అందులో మీ తప్పేమీ లేదు, ఆ కాగితంలో ఏం చూస్తారో ఎవరూ చెప్పరు కదా. భూసార కార్డులో ఉండేవి 12 అంశాలు: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణాల మోతాదు, సేంద్రియ కార్బనం. అంతే. అది పంటకు తిండి ఉందా లేదా చూసే పరీక్ష. ఆర్సెనిక్, కాడ్మియం, సీసం, క్రోమియం, పాదరసం అందులో వెతకనే వెతకరు, రసాయనాల సంగతి చెప్పనే అక్కర్లేదు. పచ్చి విషం కలిసిన మట్టిలో కూడా నత్రజని బ్రహ్మాండంగా ఉండొచ్చు.

ఇంకో మాట, నల్లగా ఉన్నంత మాత్రాన విషమని కాదు. మీ వైపు రేగడి నేల కూడా ఉంటుంది. అక్కడి వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌ వాళ్ల పొలాల్లోనే ఎర్ర నేల, నల్ల నేల రెండూ కనిపిస్తాయి. రేగడి తడిస్తే చేతికి బంకలా అంటుకుంటుంది, ఎండాకాలం నెర్రెలు ఇస్తుంది, కానీ మందు వాసన రాదు. పక్కింటి సెప్టిక్ ట్యాంకు ఊరినా మట్టి నల్లబడి కంపు కొడుతుంది, అది వేరే కంపు, మీకు తెలుస్తుంది. మీరు చెప్పింది జిడ్డు, మందు వాసన. ఈ రెండూ కలిశాయి కాబట్టే నేను దీన్ని తేలిగ్గా తీసుకోవట్లేదు, పైగా మీరున్నది పటాన్‌చెరు దగ్గర.

ఆ ఏరియా చరిత్ర మీకు తెలిసే ఉంటుంది, అయినా చెప్తాను. డెబ్బైల నుంచి అక్కడ ఫ్యాక్టరీలు పెరిగాయి. నక్కవాగు రంగు మారడం, పొలాలు పాడవడం చూసి 1990లోనే కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ ఊరి డాక్టరు అల్లాని కిషన్‌రావు గారు ఏళ్ల తరబడి దాని కోసం పోరాడారు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు అక్కడి మట్టిలో భారలోహాల మీద 2001లోనే పరిశోధన పత్రం ప్రచురించారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేస్తే పటాన్‌చెరు-బొల్లారంకు 70.07 వచ్చింది. 70 దాటితే తీవ్ర కాలుష్య ప్రాంతం కింద లెక్క. ఇక్కడ మార్కులు ఎక్కువ రావడం మంచిది కాదన్నమాట. అలాగని పటాన్‌చెరు చుట్టూ ఉన్న ప్రతి ప్లాటూ విషమేనా అంటే కాదు. మట్టి కాలుష్యం అంతటా ఒకేలా పరుచుకుని ఉండదు. వ్యర్థాలు పోసిన గుంత మీద ఒక ఇల్లు ఉంటుంది, దానికి నాలుగిళ్ల అవతల మట్టి శుభ్రంగా ఉంటుంది. అందుకే మీ 200 గజాల కథ విడిగా తెలుసుకోవాలి.

దానికి పైసా ఖర్చు లేని పని ఒకటుంది. గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలు చూపించే సదుపాయం ఉంది, కంప్యూటర్లో తెరిచి మీ ఇంటి దగ్గరకు వెళ్లి ఏడాదేడాది వెనక్కి జరపండి. వెంచర్ వేయకముందు అక్కడ ఏముందో కనిపిస్తుంది: పొలమా, ఇటుక బట్టీకి తవ్విన గుంతా, కుంటా, షెడ్డా. ఒక ఏడాది గుంతగా ఉండి ఆ తర్వాత చదునైపోయిందంటే దాన్ని దేనితో నింపారన్నదే అసలు ప్రశ్న. తర్వాత ఈసీ (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే లావాదేవీల పత్రం), పాత పహాణీలు (రెవెన్యూ వాళ్ల పొలం రికార్డు) తీయించండి. పహాణీలో ఏ పంట వేశారో, ఎప్పటి నుంచి పడావుగా ఉందో రాసి ఉంటుంది, మధ్యలో ఏదైనా కంపెనీ పేరు వస్తే జాగ్రత్తగా చూడండి. వీటన్నిటికంటే మేలైన ఆధారం పాత ఊళ్లోని ముసలాయన. టీ హోటల్ దగ్గర కూర్చోబెట్టి అడిగితే రాత్రిపూట ట్యాంకర్లు ఎక్కడ ఆగేవో, ఏ గుంతలో గేదె పడి చచ్చిందో వేలు పెట్టి చూపిస్తారు. ఏ పరీక్షలు చేయించాలో ఈ కథను బట్టే తేలుతుంది. బ్యాటరీలు పగలగొట్టిన చోటైతే సీసం, తోళ్ల పరిశ్రమ, ప్లేటింగ్ షెడ్డు అయితే క్రోమియం, మందుల కంపెనీ వ్యర్థాలైతే సాల్వెంట్లు, అంటే రసాయనాల్ని కరిగించడానికి వాడే ద్రవాలు.

ఇక అసలు విషయం, మీకు నిద్ర పట్టాలంటే ఇది అర్థం కావాలి. విషం మట్టిలో ఉండటం వేరు, ఒంట్లోకి చేరడం వేరు. మట్టి లేచొచ్చి మనల్ని కరవదు. అది లోపలికి రావాలంటే దారి కావాలి. చేతికంటి నోట్లోకి, దుమ్ముగా లేచి ముక్కులోకి, ఆకుకూరల ద్వారా, కిందికి దిగి బోరు నీళ్ల ద్వారా. సాల్వెంట్ల లాంటివైతే ఆవిరై గది గాలిలోకి కూడా వస్తాయి. మట్టిని మార్చడం లక్షల పని, దారి మూయడం వందల పని.

ఏ దారి ఎంత పెద్దదో ఒక చిన్న లెక్క చూడండి. మట్టి ప్రమాదాన్ని అంచనా వేసేవాళ్లు చిన్నపిల్లలు రోజుకు 200 మిల్లీగ్రాముల మట్టి, దుమ్ము మింగుతారని పట్టుకుంటారు, అంటే చిటికెడు. మీ మట్టిలో కిలోకు 40 మిల్లీగ్రాముల ఆర్సెనిక్ ఉందనుకుందాం, అది బాగా ఎక్కువే. అప్పుడు పాప ఒంట్లోకి రోజుకు పోయేది 8 మైక్రోగ్రాములు. ఇప్పుడు నీళ్లు. మన దేశంలో తాగునీటిలో ఆర్సెనిక్ హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. మీ బోరులో లీటరుకు 50 ఉంటే, లీటరు నీళ్లకే 50 మైక్రోగ్రాములు, పాడైన మట్టి కంటే ఆరు రెట్లు. బోరు నీళ్లు తాగడం లేదు, వంటకే అన్నారు. అన్నం, పప్పు ఆ నీళ్లనే కదమ్మా పీల్చుకునేది. మరిగిస్తే పోతుందనుకుంటారు చాలామంది. క్రిములు పోతాయి, ఆర్సెనిక్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ అది ఇంకాస్త చిక్కబడుతుంది. కాబట్టి మట్టి కంటే ముందు పరీక్షకు పంపాల్సింది బోరు నీళ్లు, రిపోర్టు వచ్చేదాకా వంటకు నల్లా నీళ్లు పట్టుకోండి. ఆ డబ్బా నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కూడా ఒకసారి అడగండి. పక్క గల్లీ బోరు నుంచే వస్తుంటే ఆ ప్లాంటు వాళ్ల టెస్ట్ రిపోర్టు చూపించమనండి.

మట్టి పరీక్షకు ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబుకు వెళ్లండి, అదీ మట్టిలో భారలోహాల పరీక్షకు గుర్తింపు ఉందో లేదో అడిగి మరీ. ఏం కావాలో కాగితం మీద రాసివ్వండి: ఆర్సెనిక్, కాడ్మియం, సీసం, పాదరసం, నికెల్, మొత్తం క్రోమియం, విడిగా హెక్సావాలెంట్ క్రోమియం. క్రోమియంలో ఈ తేడా ముఖ్యం, ఊపిరితిత్తుల క్యాన్సర్ తెచ్చేది ఆ హెక్సావాలెంట్ రకమే, మామూలు క్రోమియం బసాల్ట్ రాళ్లున్న నేలల్లో సహజంగానే ఎక్కువ ఉంటుంది, ఆ అంకె చూసి హడలిపోతారు. మీకు జిడ్డు, వాసన ఉన్నాయి కాబట్టి లోహాలతో సరిపోదు. నూనె సంబంధ పదార్థాలు, పీఏహెచ్‌లు (నూనె, బొగ్గు, చెత్త కాలినప్పుడు పుట్టే రసాయనాలు), గాలిలో ఆవిరయ్యే వీఓసీలు కూడా చూడమనండి. బెంజీన్, ట్రైక్లోరోఇథిలీన్ ఈ వీఓసీల కిందికే వస్తాయి, రెండూ క్యాన్సర్ తెస్తాయని రుజువైనవే.

శాంపిల్ మీరు తీయకండి, ల్యాబు మనిషినే రమ్మనండి, కానీ పక్కన నిలబడి చూడండి. పాప ఆడే చోట పైపైన రెండంగుళాల మట్టి, కూరగాయల మడిలో అయితే వేళ్లు దిగే జానెడు లోతు వరకు. నాలుగైదు చోట్ల కొంచెం కొంచెం తీసి కలిపి ఒక శాంపిల్ చేస్తారు. గుంతలోని నల్లమట్టి మాత్రం విడిగా, దేనితోనూ కలపకుండా. వీఓసీల కోసం తీసేది గాజు సీసాలోకి నేరుగా పోయాలి, కలపడం, ఆరబెట్టడం ఉండకూడదు, లేకపోతే పట్టుకోవాల్సింది దార్లోనే ఎగిరిపోతుంది. ఇంకో శాంపిల్, ఎవరూ చెప్పనిది: మీ ఇంటికి దూరంగా, ఫ్యాక్టరీకీ రోడ్డుకూ సంబంధం లేని చోట అలాంటి నేలే చూసి ఒకటి తీయించండి. పోల్చుకోవడానికి అది లేకపోతే అంకెలు చూసి ఏమీ అర్థం కాదు. నేను ల్యాబులో పనిచేసిన రోజుల్లో ఒకాయన పచ్చడి సీసాలో మట్టి తెచ్చాడు, మూత తుప్పు పట్టి లోపలికి రాలుతోంది, మట్టిలో ఇనుము ఎక్కువ వచ్చిందని మళ్లీ ఆయనకే టెన్షన్.

రిపోర్టు వచ్చాక ‘బీడీఎల్’ అని ఉంటే సంబరపడిపోకండి. యంత్రం పట్టగలిగే హద్దు కంటే తక్కువ అని మాత్రమే దానర్థం. ఒకసారి నాకు ఎవరో చూపించిన రిపోర్టులో ఆర్సెనిక్ బీడీఎల్, కింద చీమతలకాయంత అక్షరాల్లో హద్దు కిలోకు 20 మిల్లీగ్రాములని ఉంది. 19 ఉన్నా బీడీఎలే మరి. ఆ హద్దు 1 కంటే తక్కువ ఉండాలని ముందే అడగండి.

అంకెల్ని దేనితో పోల్చాలి అంటారా? మామూలు నేలల్లో ఆర్సెనిక్ కిలోకు సగటున 5 మిల్లీగ్రాముల దాకా సహజంగానే ఉంటుంది. ఇళ్లున్న చోట కెనడా పెట్టుకున్న మార్గదర్శక విలువ 12. అమెరికా పర్యావరణ సంస్థ పరిశీలన హద్దు 0.68. ఇది చూసి నెట్‌లో జనం బెంబేలెత్తిపోతారు, ఎందుకంటే ప్రపంచంలో దాదాపు ఏ మట్టి తీసినా అది దాటుతుంది. ఏళ్ల తరబడి ఆ మట్టితో మెలిగితే పది లక్షల మందిలో ఒకరికి అదనంగా క్యాన్సర్ రావచ్చు అనే లెక్కతో కట్టిన అంకె అది. ఇక్కడి నుంచి వివరంగా చూడటం మొదలుపెట్టమని చెప్పే గీత, అది దాటితే జబ్బు వస్తుందని కాదు. సీసానికి ఇళ్ల మట్టిలో ఆ అమెరికా సంస్థ హద్దు 400 ఉండేది, 2024 జనవరిలో 200కి తగ్గించారు. సీసం క్యాన్సర్ కంటే ముందు పిల్లల మెదడును దెబ్బతీస్తుంది కాబట్టి ఆ అంకె మీ పాప కోసం చూడండి.

మీ గల్లీలో ముగ్గురి సంగతి. కొట్టిపారేయను, కానీ తొందరపడి మట్టి మీదకూ తోసేయను. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అంచనా ప్రకారం మన దేశంలో తొమ్మిది మందిలో ఒకరికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు క్యాన్సర్ వస్తుంది. ముప్ఫై, నలభై ఇళ్ల గల్లీలో, పెద్దవయసు వాళ్లుంటే, ముగ్గురు అన్నది బాధాకరమే కానీ వింతేం కాదు. ముగ్గురికీ మూడు రకాలు. నోటి క్యాన్సర్ అంటే మన దగ్గర ముందు అడగాల్సింది గుట్కా, ఖైనీ, వక్క, చుట్ట గురించి. పైగా ఇలాంటి క్యాన్సర్లు ముదరడానికి పదేళ్లు, ఇరవై ఏళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది, కొత్త కాలనీకి వచ్చి ఆరేడేళ్లు కూడా కాని మనిషికి వస్తే దాని మొదలు ఎక్కడో వెనక ఉంటుంది. నన్ను భయపెట్టేది ఏమిటంటే, ఒకే అరుదైన రకం క్యాన్సర్ దగ్గరదగ్గర ఇళ్లలో రావడం, చిన్నపిల్లల్లో రావడం, లేదా ఏళ్లుగా బోరు నీళ్లు తాగినవాళ్ల అరచేతుల్లో, అరికాళ్లలో గట్టి పొక్కుల్లాంటి కాయలు, ఒంటి మీద నల్లటి తెల్లటి చుక్కలు కనబడటం. ఆ చర్మం మార్పులు ఆర్సెనిక్ గుర్తులు, క్యాన్సర్ కంటే ముందే వస్తాయి. అలాంటివి ఏవైనా ఉంటే పేరు, వయసు, ఎన్నేళ్ల నుంచి ఉంటున్నారు, ఏ నీళ్లు తాగారు అని రాసుకుని పీహెచ్‌సీ డాక్టరుకు ఇవ్వండి.

ఇంట్లో చేసుకునే పనులు రిపోర్టు కోసం ఆగకుండా ఈ వారమే మొదలుపెట్టండి. మన పాత అలవాట్లే సగం పని చేస్తాయి: చెప్పులు గుమ్మం బయట విడవడం, కాళ్లు కడుక్కుని లోపలికి రావడం, వాకిట్లో నీళ్లు చల్లి ఊడవడం. ఇంట్లో మాత్రం పొడి చీపురుతో దుమ్ము లేపకుండా ముందు తడిగుడ్డ పెట్టండి, కిటికీ గూళ్లు, మంచాల కింద కూడా. పాప చేతులు అన్నానికి ముందే కాదు, ఆడి వచ్చిన వెంటనే సబ్బుతో కడగండి, గోళ్లు కత్తిరించండి. శానిటైజర్ రాస్తే సీసం పోదు, కడిగితేనే పోతుంది. పెరట్లో బోసిగా ఉన్న నేలంతా గడ్డి, కంకర, బండలు, ఏది కుదిరితే దానితో కప్పేయండి. పాప ఆడుకోవడానికి ఒక పెద్ద టబ్బులో శుభ్రమైన ఇసుక పోసి మూత పెట్టండి. ఇంట్లో ఎవరైనా ఫ్యాక్టరీకి వెళ్తుంటే ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు. చెత్త, వైర్లు, ప్లాస్టిక్ పెరట్లో తగలబెట్టడం ఈ రోజే మానేయండి, ఆ బూడిదలో పీఏహెచ్‌లు, డయాక్సిన్లనే విషాలు మనమే తయారు చేసుకుంటున్నాం.

ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. పాప మట్టిలో ఆడుతుందా, మట్టి తింటుందా? తింటుంటే దెబ్బలేసి మాన్పించలేరు, ముందు రక్తం పరీక్ష చేయించండి. ఐరన్ తక్కువైన పిల్లలు, కడుపుతో ఉన్న ఆడవాళ్లు మట్టిగడ్డలు, బలపాలు తినడం మనకు కొత్త కాదు. పైన రోజుకు 200 మిల్లీగ్రాములని వేసిన లెక్క, అరచెంచా మట్టి తినే పిల్ల దగ్గర గంగలో కలిసిపోతుంది.

అత్తమ్మగారి తోట. రిపోర్టు వచ్చేదాకా గోంగూర, పాలకూర ఆపమనండి, ఎదురు మాట్లాడినా సరే. ఆకుకూరలు కాడ్మియంను బాగా లాగుతాయి, పైగా ఆకు ముడతల్లో దుమ్ము కూర్చుంటుంది, ముల్లంగి, చామదుంప లాంటివి మట్టిలోనే పెరుగుతాయి. వంకాయ, బెండ, టమాట, చిక్కుడు, బీర, మునగ లాంటి కాయల్లోకి సాధారణంగా చాలా తక్కువ చేరుతుంది. ఆకుకూర తినకుండా ఉండలేం అంటే కుండీలు, గ్రో బ్యాగులు, లేదా అడుగున మందపాటి పట్టా వేసి ఇటుకలతో కట్టిన ఎత్తు మడి. అందులో పోసే మట్టి ఎక్కడిదో అడగండి, ట్రాక్టరువాడు ‘చెరువు పూడిక అమ్మా, బంగారం’ అంటాడు. మంచి చెరువు పూడిక బంగారమే, కానీ ఫ్యాక్టరీల కింద ఉన్న చెరువు అడుగు మట్టి అంటే ముప్ఫై ఏళ్ల వ్యర్థాలు పోగుపడిన చోటు. సున్నం వేస్తే సరిపోతుందని ఎవరైనా చెప్తారు. సీసం, కాడ్మియం విషయంలో అది కొంత నిజమే, మట్టి పులుపు తగ్గితే అవి మొక్కలోకి తక్కువ వెళ్తాయి. కానీ ఆర్సెనిక్ ఉంటే దాన్ని ఇంకా కదిలిస్తుంది, కాబట్టి ఏముందో తెలియకుండా ఏదీ వేయొద్దు. ఆవాలు, పొద్దుతిరుగుడు వేస్తే మట్టి శుభ్రమవుతుందని వీడియోలు వస్తుంటాయి. ఏళ్లు పడుతుంది, ఆ మొక్కలు తినకూడదు, గేదెకు వేయకూడదు, కాల్చకూడదు. 200 గజాల ఇంట్లో అయ్యే పని కాదది.

డాక్టరు దగ్గర పాపకు రక్తంలో సీసం చూపించండి, అది పనికొచ్చే పరీక్ష. ఆర్సెనిక్‌కు మూత్ర పరీక్ష ఉంది కానీ గత కొద్ది రోజుల్లో ఒంట్లోకి వెళ్లిందే చెప్తుంది, దానికి ముందు నాలుగైదు రోజులు చేపలు, రొయ్యలు తినకూడదు, తింటే అంకె ఊరికే పెరుగుతుంది. వెంట్రుకల టెస్టులు, డిటాక్స్ ప్యాకేజీలు, విషం లాగేసే ఇంజెక్షన్లు, వీటికి రూపాయి కూడా పెట్టొద్దు. ముప్ఫై దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల స్క్రీనింగ్ ఉంటుంది, మీరూ అత్తమ్మగారూ వెళ్లండి. మీ ఆయనో మరిదో సిగరెట్ కాలుస్తుంటే ఈ మట్టి గొడవంతా పక్కన పెట్టి ముందు అది మాన్పించండి. ఆర్సెనిక్, పొగ కలిస్తే ఊపిరితిత్తులకు విడివిడిగా చేసే దానికంటే ఎక్కువ హాని చేస్తాయి.

గుంతలోది నిజంగా ఫ్యాక్టరీ వ్యర్థమేనని తేలితే అది మీ ఒక్కరి ఖర్చు కాదు. కలుషితమైన స్థలాల కోసమే కేంద్రం 2025 జులైలో ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాల్ని జిల్లా యంత్రాంగం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి తెలియజేయాలి, మండలి 90 రోజుల్లో ప్రాథమిక అంచనా, ఆ తర్వాత మరో 90 రోజుల్లో వివరమైన సర్వే చేయాలి, శుభ్రం చేసే ఖర్చు కలుషితం చేసినవాళ్లే పెట్టుకోవాలి. కాబట్టి ఫొటోలు, లోతు కొలత, ల్యాబు రిపోర్టు, ఉపగ్రహ చిత్రం ప్రింటు జతచేసి కలెక్టరేట్ ప్రజావాణిలో ఒకటి, మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఒకటి అర్జీ పెట్టండి, రసీదు తీసుకోండి. ఒక్క ఇంటివాళ్లు వెళ్తే కుర్చీ కూడా వేయరు, గల్లీ అంతా కలిసి సంతకాలతో వెళ్లండి. ప్లాట్ల రేట్లు పడిపోతాయని కొందరు వద్దంటారు, అది ముందే అనుకోండి.

ఇక మీ మరిదికి చెప్పండి, అమ్మకం ఇప్పుడు కాదు. చెప్పకుండా అమ్మితే ఆ గుంత పక్కన ఇంకొకరి పిల్ల ఆడుతుంది, చెప్పి అమ్మాలంటే చేతిలో రిపోర్టు ఉండాలి. వీఓసీలు ఎక్కువగా వచ్చి, ఇంట్లో గదుల్లోనే వాసన తెలుస్తుంటే మాత్రం పాపను తీసుకుని కొన్నాళ్లు అద్దె ఇంటికి మారండి, అప్పుడు ఆలస్యం చేయొద్దు. లోహాలే అయితే, నేల కప్పేసి, నీళ్లు మార్చుకుని ఆ ఇంట్లోనే ఉండొచ్చు, నేనైతే ఉంటాను.

రిపోర్టు వచ్చాక నాకు పంపండి. మొదటి పేజీ ఒక్కటే ఫొటో తీసి పంపుతారు అందరూ, అలా కాకుండా ఆ చీమతలకాయ అక్షరాల పేజీ కూడా. బోరు నీళ్ల రిపోర్టు ముందు వస్తుంది, దాన్నీ ఆపకుండా పంపించేయండి.